విండోస్ మళ్లీ వేశాక పాత ఫైళ్లు కనబడట్లేదా? తరచుగా అడిగే ప్రశ్నలు

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు సపోర్టు ముగిసింది. దాంతో పాత ల్యాప్‌టాప్‌లకు కొత్త విండోస్ వేయించేవాళ్లు ఎక్కువయ్యారు. "ఫార్మాట్ కొట్టించాక పిల్లల ఫొటోలు కనబడట్లేదు" అంటూ వచ్చేవాళ్లూ ఎక్కువయ్యారు. ఆ కంగారులో ఉన్నవాళ్ల కోసమే ఈ పేజీ.

ముందే ఒక మాట చెప్పాలి. చాలాసార్లు ఫైళ్లు పోయి ఉండవు, చోటు మారి ఉంటాయి. నిజంగా పోయిన సందర్భాల్లో ఎంత వెనక్కి వస్తుందనేది రెండు విషయాలను బట్టి ఉంటుంది: విండోస్‌ను ఏ పద్ధతిలో వేశారు, లోపల ఉన్నది ఏ రకం డిస్క్. ఏ సాఫ్ట్‌వేర్ మంచిదన్న ప్రశ్న ఆ తర్వాతే వస్తుంది.

1. ఇప్పుడే చూసుకున్నాను, ఫైళ్లు లేవు. మొట్టమొదట ఏం చేయాలి?

కొత్తగా ఏదీ ఎక్కించకండి. ఆఫీస్, క్రోమ్, యాంటీవైరస్, ప్రింటర్ డ్రైవర్, ఏదైనా సరే తర్వాత చూసుకోవచ్చు. రికవరీ సాఫ్ట్‌వేర్‌ను కూడా ఆ కంప్యూటర్‌లోకి దించకండి. కంగారులో అందరూ ముందు చేసేది ఆ పనే, ఎక్కువ నష్టం జరిగేదీ అక్కడే. పోయిన ఫొటో ఉన్న చోటును విండోస్ ఇప్పుడు ఖాళీ జాగా కింద లెక్కేస్తుంది. మీరు దించిన ఫైలు నేరుగా వెళ్లి దాని మీదే పడవచ్చు.

రెండు నిమిషాలు మాత్రం చూడండి. దిస్ పీసీ తెరవండి. సి డ్రైవ్‌లో విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్ ఉందా? డి, ఇ డ్రైవ్‌లు ఎప్పటిలాగే ఉన్నాయా? విండోస్.ఓల్డ్ ఉంటే మూడో ప్రశ్నకు వెళ్లండి. లేకపోతే షట్‌డౌన్ చేసేయండి. మనం ముట్టుకోకపోయినా విండోస్ ఊరుకోదు. అప్‌డేట్లు దించుకుంటుంది, ఇండెక్స్ తయారుచేసుకుంటుంది, పేజ్ ఫైలు రాసుకుంటుంది. ఈ పేజీలో మిగతాది ఫోన్‌లో చదువుకోండి.

2. షాపులో "విండోస్ వేశాం" అన్నారు. ఫైళ్లు ఉన్నాయో పోయాయో ఎలా తెలుస్తుంది?

వేసినవాళ్లను ఒక్క ప్రశ్న అడగండి: "సి డ్రైవ్‌ను ఫార్మాట్ చేశారా, పార్టిషన్లన్నీ డిలీట్ చేశారా, లేక ఏమీ ముట్టుకోకుండా నెక్స్ట్ కొట్టారా?" పార్టిషన్ అంటే డిస్క్‌ను విడగొట్టి చేసిన భాగం, సి, డి డ్రైవ్‌లు అలాంటివే. పెన్‌డ్రైవ్ పెట్టి విండోస్ వేసేటప్పుడు ఒక తెర వస్తుంది. డ్రైవ్ 0 పార్టిషన్ 1, పార్టిషన్ 2 అంటూ వరసగా జాబితా ఉంటుంది, దాని దగ్గరే డిలీట్, ఫార్మాట్, న్యూ అనే బటన్లు ఉంటాయి. మీ డేటా సంగతి తేలేది ఆ తెర మీదే.

జాబితాలో పాత విండోస్ ఉన్న పార్టిషన్‌ను ఎంచుకుని నేరుగా నెక్స్ట్ కొడితే, పాతదంతా విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్‌లోకి చేరుతుంది. ఇది అన్నిటికన్నా మంచి సందర్భం. ఫార్మాట్ నొక్కితే ఆ ఒక్క డ్రైవ్ వరకు ఖాళీ అవుతుంది, డి, ఇ డ్రైవ్‌లు భద్రంగా ఉంటాయి. "శుభ్రంగా వేద్దాం" అని పార్టిషన్లన్నీ డిలీట్ చేసి ఉంటే డి డ్రైవ్ కూడా పోయినట్టే. దాని గురించి ఏడో ప్రశ్నలో చెప్పాను.

సెట్టింగ్స్‌లోకి వెళ్లి రీసెట్ దిస్ పీసీ చేసి ఉంటే అక్కడ రెండు దారులుంటాయి. "కీప్ మై ఫైల్స్" ఎంచుకుంటే ప్రోగ్రాములు మాత్రమే పోతాయి, మీ ఫోల్డర్లు అలాగే ఉంటాయి. "రిమూవ్ ఎవ్రీథింగ్" ఎంచుకుంటే అన్నీ పోతాయి. అందులో "క్లీన్ డేటా" అనే అదనపు ఆప్షన్ కూడా ఆన్ చేసి ఉంటే డిస్క్‌ను తుడిచే పని కూడా జరుగుతుంది. ఆ తర్వాత ఏ రికవరీ మీదా ఆశ పెట్టుకోకండి.

కొత్త విండోస్ వేయకుండానే, ఏదో అప్‌డేట్ తర్వాత డెస్క్‌టాప్ ఖాళీగా వచ్చిందా? అది వేరే సమస్య. పాత ప్రొఫైల్ తెరుచుకోక విండోస్ తాత్కాలిక ప్రొఫైల్‌తో లోపలికి పంపి ఉంటుంది. సి డ్రైవ్‌లో యూజర్స్ ఫోల్డర్ తెరిచి చూడండి. మీ పాత పేరుతో ఫోల్డర్, అందులో అన్నీ సాధారణంగా అలాగే ఉంటాయి.

3. విండోస్.ఓల్డ్ కనబడింది. ఇప్పుడేం చేయాలి?

ఈ రోజే బయటికి కాపీ చేసుకోండి, రేపటికి ఉంచొద్దు. అప్‌గ్రేడ్ ద్వారా ఏర్పడిన ఈ ఫోల్డర్‌ను విండోస్ 10, 11 సాధారణంగా 10 రోజుల తర్వాత తమంతట తామే తీసేస్తాయి. డిస్క్ నిండుతోందని ఎవరైనా డిస్క్ క్లీనప్ నడిపి "ప్రీవియస్ విండోస్ ఇన్‌స్టలేషన్" దగ్గర టిక్ పెడితే ఆ 10 రోజులు కూడా ఆగదు.

విండోస్.ఓల్డ్‌లో యూజర్స్, అందులో మీ పాత యూజర్ పేరు, ఆ లోపల డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్, పిక్చర్స్, వీడియోస్ ఉంటాయి. తెరవబోతే అనుమతి లేదని ఒక పెట్టె వస్తుంది. కంటిన్యూ నొక్కండి, మీది అడ్మినిస్ట్రేటర్ ఖాతా అయితే కాసేపటికి తెరుచుకుంటుంది. వీటిని ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయండి. కట్ కాదు, కాపీ. మధ్యలో కరెంటు పోయినా, కేబుల్ ఊడినా అసలు ఫైలు ఉన్నచోటే ఉండాలి.

చాలామంది ఇక్కడితో ఆపేస్తారు. మరో రెండు చోట్లు చూడాలి. మొదటిది యాప్‌డేటా. ఇది దాచి ఉంచే ఫోల్డర్ కాబట్టి ఎక్స్‌ప్లోరర్‌లో వ్యూలోకి వెళ్లి హిడెన్ ఐటమ్స్ ఆన్ చేస్తే గానీ కనబడదు. బ్రౌజర్ బుక్‌మార్కులు, థండర్‌బర్డ్ మెయిళ్లు, స్టిక్కీ నోట్స్ అన్నీ దీని కడుపులోనే ఉంటాయి. రెండోది సి డ్రైవ్ మొదటి పేజీ. మీరు సి డ్రైవ్‌లో నేరుగా "ఫొటోలు" అనో "ఆఫీసు" అనో ఫోల్డర్ చేసుకుని ఉంటే అది విండోస్.ఓల్డ్‌లోకి వెళ్లదు, ఉన్నచోటే ఉంటుంది. విండోస్.ఓల్డ్‌లోకి చేరేవి విండోస్, ప్రోగ్రామ్ ఫైల్స్, యూజర్స్ లాంటి సిస్టమ్ ఫోల్డర్లే.

4. విండోస్.ఓల్డ్ లేదు. సి డ్రైవ్‌ను ఫార్మాట్ చేశారట. ఇక ఆశ లేనట్టేనా?

లోపల ఉన్నది పళ్లెం తిరిగే హార్డ్ డిస్కా, చిప్పులతో పనిచేసే ఎస్ఎస్‌డీనా అన్నదాన్ని బట్టి చెప్పాలి. టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ ట్యాబ్ తెరిస్తే డిస్క్ 0 కింద ఏ రకమో రాసి ఉంటుంది. మెషీన్ ఇప్పటికే ఆపేసి ఉంటే దీని కోసం మళ్లీ ఆన్ చేయకండి, బిల్లులోనో, మోడల్ నంబరుతో ఫోన్‌లో వెతికో తెలుసుకోండి.

హార్డ్ డిస్క్ అయితే ఆశ ఉంది. పహాణీలోనో అడంగల్‌లోనో పేరు కొట్టేసినంత మాత్రాన పొలం మాయం కాదు, కొత్తవాడు వచ్చి దున్నేదాకా పాత పంట అక్కడే ఉంటుంది. విండోస్ వేసేటప్పుడు నొక్కే ఫార్మాట్ కూడా అంతే. అది క్విక్ ఫార్మాట్. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే జాబితాను కొత్తగా రాస్తుంది గానీ ఫైళ్లను తుడవదు. విండోస్‌లోంచి క్విక్ అన్న టిక్ తీసేసి ఫుల్ ఫార్మాట్ చేసి ఉంటే మాత్రం కథ వేరు. విస్టా నుంచి ఫుల్ ఫార్మాట్ డిస్క్ అంతటా సున్నాలు రాస్తుంది. అలా చేశాక మిగిలేదేమీ ఉండదు.

ఎస్ఎస్‌డీ అయితే నిజం నిజంలాగే చెప్పాలి: దాదాపు రాదు. విండోస్ 7 నుంచి ట్రిమ్ అనే ఏర్పాటు ఉంది. ఫార్మాట్ చేయగానే "ఈ జాగాలతో నాకు పని లేదు" అని విండోస్ ఎస్ఎస్‌డీకి చెప్పేస్తుంది. ఎస్ఎస్‌డీ వాటిని తన వీలు చూసుకుని లోపల్లోపలే చెరిపేస్తుంది. ఆ తర్వాత ఏ సాఫ్ట్‌వేర్ అడిగినా సున్నాలే తిరిగొస్తాయి. ఫార్మాట్ చేసిన ఎస్ఎస్‌డీ నుంచి నూటికి నూరు శాతం తెస్తామని ఎవరైనా ముందే మాటిచ్చి డబ్బు అడిగితే నమ్మకండి.

పెన్‌డ్రైవ్‌లు, కెమెరా మెమరీ కార్డుల్లోనూ ఉండేది చిప్పే అయినా వాటికి సాధారణంగా ఈ ట్రిమ్ వెళ్లదు. పొరపాటున ఫార్మాట్ చేసిన కెమెరా కార్డులోంచి ఫొటోలు బాగానే వస్తుంటాయి. ల్యాప్‌టాప్ సంగతి తేలకపోయినా, ఆ ఫొటోలు తీసిన కార్డు బీరువాలో ఉందేమో వెతకండి.

5. హార్డ్ డిస్క్ నుంచి రికవరీ ఎలా మొదలుపెట్టాలి?

ఆ డిస్క్‌తో ఆ కంప్యూటర్‌ను ఆన్ చేయకుండా మొదలుపెట్టాలి. డిస్క్ విప్పి, సాటా నుంచి యూఎస్‌బీకి మార్చే కేబుల్‌తో మరో కంప్యూటర్‌కు తగిలించండి. అప్పుడు విండోస్ "ఈ డిస్క్‌ను వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి" అని అడగవచ్చు. క్యాన్సిల్ కొట్టండి. "డ్రైవ్‌లో లోపాలున్నాయి, స్కాన్ చేసి సరిచేయాలా" అన్నా వద్దనే చెప్పండి. ఆ స్కాన్ చేసే చెక్‌డిస్క్ పని ఫైల్ సిస్టమ్‌ను, అంటే ఫైళ్లను సర్దిపెట్టే ఏర్పాటును నిలబెట్టడం. మీ పాత ఫైళ్ల గుర్తులు దానికి అడ్డంగా కనబడితే సరిచేసే పేరుతో తీసిపారేస్తుంది.

ఇక్కడ పాటించాల్సిన నియమం ఒకటుంది: తీసే డిస్క్ వేరు, పెట్టే డిస్క్ వేరు. పోయిన డేటా 500 జీబీ డిస్క్‌లో ఉంటే అంతకన్నా పెద్ద ఖాళీ డిస్క్ మరొకటి దగ్గర పెట్టుకుని కూర్చోండి.

వీలైతే ముందు మొత్తం డిస్క్‌కు సెక్టారు సెక్టారుగా (డిస్క్‌లోని ఒక్కో చిన్న గడీ వదలకుండా) నకలు తీసి, ఆ నకలు మీదే ప్రయోగాలు చేయండి. లైనక్స్‌లో దొరికే డీడీరెస్క్యూ ఈ పనికి చాలా మంచిది. చదవడం కష్టమైన చోట్లను పక్కన పెట్టి ముందు తేలిగ్గా వచ్చేదంతా తీసుకుంటుంది, తర్వాత ఆ కష్టమైన చోట్లకు తిరిగి వెళ్తుంది. డిస్క్ పాతబడి ఉంటే నకలు తీయకుండా గంటల తరబడి స్కాన్ పెట్టడం ప్రమాదం.

6. ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి?

మైక్రోసాఫ్ట్ 2020లో విండోస్ ఫైల్ రికవరీ అనే ఉచిత ప్రోగ్రామ్ ఇచ్చింది, స్టోర్‌లో దొరుకుతుంది. బటన్లుండవు, కమాండ్లు టైపు చేయాలి. అందులో రెగ్యులర్, ఎక్స్‌టెన్సివ్ అని రెండు పద్ధతులున్నాయి. ఫార్మాట్ అయిన డిస్క్‌కు రెండోదే వాడాలి. కమాండ్లంటే భయమున్నవాళ్లకు రెకువా తేలిక, కానీ లోతుగా వెతకాల్సిన చోట అది అంతగా పనికిరాదు. నేను ఎక్కువగా ఆధారపడేది ఫోటోరెక్ మీద. ఉచితం, ఓపెన్ సోర్స్. పేరులో ఫొటో ఉన్నా డాక్యుమెంట్లు, వీడియోలు, జిప్ ఫైళ్లు కూడా తీస్తుంది. ఫోల్డర్లు, పేర్లతో సహా కావాలంటే డీఎండీఈ, ఆర్-స్టూడియో లాంటివి మెరుగు. వీటి ఉచిత రూపంతోనే స్కాన్ చేసి ఏమేం దొరుకుతున్నాయో చూసుకుని, కావలసినవి కనబడితేనే కొనండి.

క్రాక్ వెర్షన్ల జోలికి వెళ్లకండి. పోయిన డేటా కోసం వెతుకుతూ ఉన్న డేటాకు రాన్‌సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) తెచ్చిపెట్టుకోవడం అవుతుంది.

7. డి డ్రైవ్ మొత్తం మాయమైంది. అందులోనే అన్నీ ఉన్నాయి.

పార్టిషన్ డిలీట్ అయి, దాని మీద కొత్తగా ఏమీ రాయకపోతే ఇది సి డ్రైవ్ కన్నా మెరుగైన పరిస్థితి. టెస్ట్‌డిస్క్ అనే ప్రోగ్రామ్ పాత పార్టిషన్ హద్దులు వెతికి చూపిస్తుంది. అక్కడ ఫైళ్ల జాబితా తెరిచి మీ ఫోల్డర్ పేర్లు కనబడుతున్నాయో లేదో చూడండి. కనబడితే హద్దులు తిరిగి రాయడానికి తొందరపడకుండా, ముందు ఆ జాబితాలోంచే ఫైళ్లను వేరే డిస్క్‌కు కాపీ చేసుకోండి.

డి డ్రైవ్‌లో పేర్లతో సహా వచ్చినవి, సి డ్రైవ్‌లో ఎందుకు రావని అడుగుతుంటారు. విండోస్ డిస్క్‌లో ఫైళ్లను సర్దే పద్ధతి అయిన ఎన్‌టీఎఫ్‌ఎస్‌లో ప్రతి ఫైలుకూ మాస్టర్ ఫైల్ టేబుల్‌లో ఒక వరస ఉంటుంది. పేరు, తేదీ, డిస్క్ మీద చోటు అన్నీ అందులోనే. సి డ్రైవ్ ఫార్మాట్ అయ్యాక కొత్త టేబుల్ సాధారణంగా పాతది మొదలైన చోటే మొదలవుతుంది. విండోస్ తనతోపాటు లక్షకు పైగా ఫైళ్లు తెచ్చుకుంటుంది, వాటి వరసలన్నీ పాత వరసల మీద పడతాయి. అందుకే ఫొటో మిగిలి ఉన్నా దాని పేరు చెరిగిపోతుంది. కొత్తగా ఏమీ రాయని డి డ్రైవ్‌లో ఆ బాధ ఉండదు.

8. రికవరీ అయింది, కానీ వేల ఫైళ్లు పేర్లు లేకుండా వచ్చాయి. ఎలా వేరుచేసుకోవాలి?

జాబితా చెరిగిపోయినప్పుడు ప్రోగ్రామ్ ఫైళ్లను వాటి ఆనవాలు పట్టి వెతుకుతుంది. ప్రతి జేపీఈజీ ఫొటో ఒకే రకం బైట్లతో మొదలవుతుంది, పీడీఎఫ్‌కు వేరే మొదలు ఉంటుంది. అలా దొరికినవాటికి ఫోటోరెక్ ఎఫ్ అక్షరం పక్కన అంకెలు పెట్టి పేర్లిస్తుంది, అంకెలు వేసిన ఫోల్డర్లలో సర్దుతుంది. తెరిచి చూస్తే గుండె గుభేలుమంటుంది. పెళ్లి ఫొటో పక్కనే ఏదో షాపింగ్ సైటు చెప్పుల బొమ్మ, దాని పక్కన విండోస్ ఐకాన్లు. బ్రౌజర్ దాచుకున్న బొమ్మలన్నీ మీ ఫొటోలతో కలిసిపోయి వస్తాయి.

ముందు అన్ని జేపీజీలనూ సైజు వరసలో పెట్టండి. 100 కేబీ లోపువన్నీ ఒక పక్కకు తీయండి, వాటిలో ఎక్కువ చెత్తే ఉంటుంది. మిగిలినవాటిని డీటెయిల్స్ వ్యూలో పెట్టి డేట్ టేకెన్, కెమెరా మోడల్ అనే నిలువు వరసలు తెప్పించండి. కెమెరాతోనో ఫోన్‌తోనో తీసిన ఫొటోలో ఆ వివరాలు ఫైలు లోపలే ఉంటాయి, పేరు పోయినా అవి పోవు. కెమెరా మోడల్ మీద నొక్కితే మీ ఫోన్‌తో తీసినవన్నీ ఒకచోటికి చేరతాయి, తేదీ మీద నొక్కితే ఏ పండగకు తీసినవో తెలిసిపోతుంది. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలకు మాత్రం ఆ వివరాలుండవు. వాటిని కళ్లతో చూసి ఏరుకోవలసిందే. వర్డ్, ఎక్సెల్ ఫైళ్లను ఎక్స్‌ప్లోరర్‌లో లోపలి మాటలతో వెతకవచ్చు. ఊరి పేరో, క్లయింటు పేరో కొట్టి చూడండి.

9. కొన్ని ఫొటోలు సగం బూడిద రంగులో ఉన్నాయి, వీడియోలు తెరుచుకోవట్లేదు. రిపేర్ అవుతాయా?

సగం బూడిదగా వచ్చిన ఫొటోలో ఆ సగం మీద వేరే ఏదో రాసేశారు, అది రాదు. పెద్ద వీడియోలతో వచ్చే చిక్కు వేరు. అవి డిస్క్ మీద ముక్కలు ముక్కలుగా ఉండవచ్చు. జాబితా లేకుండా ఏ ముక్క తర్వాత ఏ ముక్కో ఆనవాలు పద్ధతికి తెలియదు. జాబితాను చదవగలిగే వేరే ప్రోగ్రామ్‌తో మరోసారి స్కాన్ చేసి చూడండి, అప్పుడు కొన్ని సరిగా వస్తాయి.

10. డి డ్రైవ్ కనబడుతోంది, కానీ బిట్‌లాకర్ కీ అడుగుతోంది. నేనెప్పుడూ లాక్ పెట్టలేదే?

మీరు పెట్టకపోయినా పడి ఉండవచ్చు. చాలా కొత్త ల్యాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అవగానే డివైజ్ ఎన్‌క్రిప్షన్, అంటే డిస్క్‌కు బిట్‌లాకర్ తాళం వేసే ఏర్పాటు, దానంతటదే ఆన్ అవుతుంది. విండోస్ 11లో 24హెచ్2 వెర్షన్ నుంచి కొత్తగా వేసినప్పుడు ఇది ఇంకా ఎక్కువ మెషీన్లకు వర్తిస్తోంది. పాత విండోస్ ఉన్నంతకాలం డి డ్రైవ్‌ను అదే తెరిచి ఇచ్చేది కాబట్టి మీకు తెలియలేదు.

కావలసింది 48 అంకెల రికవరీ కీ. మైక్రోసాఫ్ట్ ఖాతా వెబ్‌సైట్‌లో మీ డివైజ్ వివరాల దగ్గర రికవరీ కీల జాబితా ఉంటుంది. ల్యాప్‌టాప్ మొదటిసారి ఎవరి మెయిల్‌తో మొదలుపెట్టారో గుర్తు చేసుకోండి. చాలా ఇళ్లల్లో అది కొడుకుదో, అల్లుడిదో, కొన్నప్పుడు సాయం చేసిన పక్కింటి అబ్బాయిదో అయి ఉంటుంది. తెర మీద కనబడే కీ ఐడీలోని మొదటి 8 అక్షరాలు, ఖాతాలోని కీ ఐడీతో సరిపోవాలి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే మీ ఐటీ విభాగాన్ని అడగండి. కీ ఎక్కడా దొరక్కపోతే తెరిచే దారి లేదు, తెరుస్తామనేవాళ్ల మాట నమ్మొద్దు.

11. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ ఫోల్డర్లు వన్‌డ్రైవ్‌లో ఉండి ఉంటాయా?

ఉండి ఉండవచ్చు, తప్పకుండా చూడండి. విండోస్‌లో వన్‌డ్రైవ్ బ్యాకప్ ఆన్ అయి ఉంటే డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, పిక్చర్స్ ఆన్‌లైన్‌కు వెళ్తూ ఉంటాయి. ఫోన్ బ్రౌజర్‌లోనే వన్‌డ్రైవ్ సైటు తెరిచి పాత మెయిల్‌తో లాగిన్ అవండి. ఉచిత ఖాతాకు 5 జీబీ వరకే చోటు, కాబట్టి కొన్ని ఫైళ్లే వెళ్లి ఉండవచ్చు. వ్యక్తిగత ఖాతాలో రీసైకిల్ బిన్‌లోనివి 30 రోజులుంటాయి, అక్కడా చూడండి. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌కూ 30 రోజులే. గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయిన ఫొటో డిలీట్ చేస్తే ట్రాష్‌లో 60 రోజులుంటుంది.

12. బ్రౌజర్ పాస్‌వర్డులు, బుక్‌మార్కులు?

గూగుల్ ఖాతాతో సింక్ ఆన్‌లో ఉండి ఉంటే క్రోమ్‌లో లాగిన్ అవగానే అవే వస్తాయి. సింక్ లేకపోయినా విండోస్.ఓల్డ్ ఉంటే యాప్‌డేటా లోపలి క్రోమ్ ఫోల్డర్‌లో బుక్‌మార్క్స్ అనే ఫైలు ఉంటుంది. దాన్ని కొత్త క్రోమ్ ఫోల్డర్‌లో అదే చోట పెడితే సరి. పాస్‌వర్డులు అలా రావు. క్రోమ్ వాటిని పాత విండోస్ ఖాతాకు ముడిపెట్టి తాళం వేస్తుంది, ఫైలు కాపీ చేసినా తాళంచెవి రాదు. ఫైర్‌ఫాక్స్ వాడేవాళ్లకు ఆ ఇబ్బంది లేదు, ప్రొఫైల్ ఫోల్డర్ మొత్తం తెచ్చిపెడితే పాస్‌వర్డులతో సహా పనిచేస్తుంది.

13. షాపు లెక్కలు టాలీలో ఉన్నాయి. అవెక్కడ దొరుకుతాయి?

టాలీ ప్రోగ్రామ్ పోయినా డేటా వేరేగా ఉంటుంది. పాత టాలీ ఈఆర్‌పీ 9 అయితే సాధారణంగా సి డ్రైవ్‌లోనే టాలీ పేరుతో ఉన్న ఫోల్డర్‌లో డేటా అనే ఫోల్డర్. ఫార్మాట్ చేయకుండా విండోస్ వేసి ఉంటే అది ఉన్నచోటే దొరుకుతుంది. టాలీప్రైమ్ అయితే యూజర్స్ లోపల పబ్లిక్ ఫోల్డర్‌లో చూడండి, అంటే విండోస్.ఓల్డ్‌లో. లోపల అంకెల పేరుతో ఫోల్డర్లుంటాయి, ఒక్కో కంపెనీకి ఒక్కోటి. ఆ అంకెల ఫోల్డర్‌ను మొత్తంగా కాపీ చేయాలి, లోపలి ఫైళ్లలో కొన్నిటినే ఏరి తెస్తే లెక్కలు తెరుచుకోవు. పేరు చెరిగిన స్థితిలో ఆనవాలు పద్ధతితో టాలీ డేటాను బాగుచేయడం చాలా కష్టం. మీ ఆడిటర్ దగ్గర రిటర్నులు వేసినప్పటి బ్యాకప్ ఉందేమో ముందు ఫోన్ చేసి కనుక్కోండి.

ఔట్‌లుక్ మెయిళ్లకు ఓ మాట. మెయిళ్లు సర్వర్‌లో ఉండే ఖాతా అయితే మళ్లీ లాగిన్ అయితే అవే దిగుతాయి. పాత పీఓపీ పద్ధతిలో దించుకునేవాళ్లవి మాత్రం పీఎస్‌టీ ఫైలులోనే ఉంటాయి. డాక్యుమెంట్స్‌లో ఔట్‌లుక్ ఫైల్స్ అనే ఫోల్డర్ వెతకండి.

14. పేజ్‌మేకర్ ఫైళ్లు దొరికాయి, తెరిస్తే తెలుగు బదులు పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు వస్తున్నాయి. ఫైళ్లు పాడైనట్టేనా?

కాదు, మీ ఫైళ్లు బాగానే ఉన్నాయి. డీటీపీ సెంటర్లు, చిన్న పత్రికలు, శుభలేఖల ప్రెస్సులు ఏళ్ల తరబడి అను ఫాంట్లలో కంపోజ్ చేశాయి. అవి యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఒకటే అయిన అక్షరాల కోడ్) కాదు. ఫైలులో నిజంగా ఉండేది ఇంగ్లీషు అక్షరాల, గుర్తుల కోడే, దానికి తెలుగు రూపం ఇచ్చేది ఫాంటు. కొత్త విండోస్‌లో ఆ ఫాంటు లేదు కాబట్టి కోడ్ బయటపడింది. ఫాంట్లు తిరిగి ఎక్కిస్తే అక్షరాలు వచ్చేస్తాయి. సీడీ పోయిందా? విండోస్.ఓల్డ్‌లో విండోస్, అందులో ఫాంట్స్ ఫోల్డర్ చూడండి, మీరు వాడినవి సాధారణంగా అక్కడే ఉంటాయి. దయచేసి ఫైలు పాడైందనుకుని డిలీట్ చేయకండి, ఆ పిచ్చి అక్షరాలతోనే సేవ్ కూడా చేయకండి. ఊరి చరిత్రలు, కులవృత్తుల పాటలు, గుడి మాహాత్మ్యాలు ఇలాంటి ఫైళ్లలోనే మిగిలి ఉన్నాయి, వాటికి మరో ప్రతి ఉందో లేదో తెలియదు.

15. హార్డ్ డిస్క్ టిక్ టిక్ మంటోంది. సాఫ్ట్‌వేర్ నడపొచ్చా?

వద్దు. వెంటనే కరెంటు తీసేయండి. ఆ శబ్దం వస్తోందంటే లోపల డేటా చదివే హెడ్ సరిగా పనిచేయట్లేదని. ఇంకా తిప్పితే పళ్లెం మీద గీతలు పడతాయి, గీత పడ్డ చోట డేటా తీయడం ఎవరివల్లా కాదు. ఇంట్లో మూత విప్పడం, ఫ్రిజ్‌లో పెట్టడం లాంటివి చేయకండి. దుమ్ము లేని గదిలో డిస్క్ విప్పే సౌకర్యం ఉన్న సంస్థకే ఇవ్వాలి, అది ఖర్చుతో కూడిన పని.

16. రికవరీకి బయట ఇచ్చేటప్పుడు ఏం చూసుకోవాలి?

డిస్క్ సీరియల్ నంబరు ఫొటో తీసుకోండి, రసీదు మీద రాయించుకోండి. పని మొదలయ్యే ముందే రెండు మాటలు తేల్చుకోండి. డేటా రాకపోతే ఎంత కట్టాలి? వచ్చిన ఫైళ్ల జాబితాను డబ్బు కట్టకముందు చూపిస్తారా? ఫైలు పేర్లు కనబడినంత మాత్రాన సరిపోదు, నాలుగైదు మీ కళ్ల ముందే తెరిపించండి. ఆడపిల్లల ఫొటోలు, బ్యాంకు కాగితాలు ఉన్న డిస్క్ అయితే మీరు పక్కన కూర్చునే వీలుందేమో అడగండి. అడగడంలో మొహమాటం అక్కర్లేదు. పని అయ్యాక వాళ్ల దగ్గర ఉన్న నకలు చెరిపేయమని రాతపూర్వకంగా కోరండి.

17. మ్యాక్, లైనక్స్ సంగతి?

మ్యాక్‌లో రికవరీ మోడ్ నుంచి మ్యాక్‌ఓఎస్ మళ్లీ వేస్తే మీ ఫైళ్లు పోవు, ముందు డిస్క్ ఎరేజ్ చేస్తేనే పోతాయి. టీ2 చిప్, యాపిల్ సిలికాన్ ఉన్న మ్యాక్‌లలో ఎరేజ్ చేయడమంటే తాళంచెవి పారేయడమే, అందులోంచి రికవరీ ఉండదు. టైమ్ మెషీన్ బ్యాకప్ ఉంటే అదే దిక్కు.

లైనక్స్‌లో హోమ్‌ను వేరే పార్టిషన్‌గా పెట్టుకున్నవాళ్లకు బెంగ లేదు. ఉబుంటు వేసేటప్పుడు "ఎరేజ్ డిస్క్" ఎంచుకుని విండోస్ మీద వేసేసినవాళ్లు పైన ఐదు నుంచి ఎనిమిది దాకా చెప్పినవే పాటించాలి. హార్డ్ డిస్క్‌కు, ఎస్ఎస్‌డీకి తేడా ఇక్కడా అంతే.

18. రికవరీలో ఏమీ రాలేదు. ఇంకేదైనా దారి ఉందా?

డిస్క్‌ను వదిలి, ఆ ఫైలు ఇంకెక్కడెక్కడ తిరిగిందో ఆలోచించండి. మెయిల్‌లో సెంట్ ఫోల్డర్ తెరవండి, ఉద్యోగ దరఖాస్తులకు పెట్టిన రెజ్యూమె, స్కాన్ కాపీలు అక్కడే ఉంటాయి. పెళ్లి ఫొటోలు తీసిన స్టూడియోకు ఫోన్ చేయండి, కొందరు ఏళ్ల తరబడి ఉంచుతారు. ఆల్బమ్ డిజైన్ చేసిన ల్యాబ్‌లోనూ అడగండి. అమెరికాలో ఉన్న అన్నయ్యకు అప్పట్లో పంపిన ఫొటోలు ఆయన ఫోన్‌లో ఉండవచ్చు. వాట్సాప్‌లో వచ్చినవి సైజు తగ్గి ఉంటాయి, అయినా లేనిదానికన్నా నయం.

కాగితాల విషయంలో దిగులు అక్కర్లేదు. ఈ-ఆధార్‌ను యూఐడీఏఐ సైటు నుంచి మళ్లీ దించుకోవచ్చు. చాలా బోర్డుల మార్కుల మెమోలు, డ్రైవింగ్ లైసెన్సు డిజీలాకర్‌లో వస్తాయి. పాత ఐటీ రిటర్నులు ఇన్‌కమ్ ట్యాక్స్ పోర్టల్‌లో మీ లాగిన్ కింద ఉంటాయి. కుల, ఆదాయ ధ్రువపత్రాలకు మీసేవలో దరఖాస్తు నంబరుతో అడగవచ్చు.

19. ఈసారి విండోస్ వేయించే ముందు ఏమేం తీసిపెట్టుకోవాలి?

యూజర్స్‌లో మీ పేరు మీద ఉన్న ఫోల్డర్ మొత్తం, యాప్‌డేటాతో సహా. సి డ్రైవ్‌లో నేరుగా పెట్టుకున్న ఫోల్డర్లు. టాలీ డేటా, పీఎస్‌టీ ఫైళ్లు, ఫాంట్స్ ఫోల్డర్. బిట్‌లాకర్ కీ కాగితం మీద. బ్రౌజర్ సింక్ ఆన్‌లో ఉందో లేదో ఒకసారి చూడండి. ఫోన్‌లో వచ్చే ఓటీపీ కోడ్ల యాప్‌ను కంప్యూటర్‌లో వాడుతుంటే దాని బ్యాకప్ కోడ్లు కూడా.

డి డ్రైవ్‌లోకి కాపీ చేయడాన్ని బ్యాకప్ అనుకోకండి. సాధారణంగా సి, డి రెండూ ఒకే డిస్క్ మీది పార్టిషన్లు. కాపీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లో ఉండాలి, ఆ డిస్క్‌ను తీసి మరో కంప్యూటర్‌కు పెట్టి నాలుగు ఫొటోలు, రెండు డాక్యుమెంట్లు తెరిచి చూడాలి. అవి తెరుచుకున్నాక మాత్రమే షాపతనికి "కానివ్వండి" అనండి. విండోస్ వేస్తున్నంతసేపూ ఆ డిస్క్‌ను మెషీన్‌కు తగిలించి ఉంచొద్దు, పార్టిషన్ల జాబితాలో పొరపాటున దాని మీదే డిలీట్ పడవచ్చు.

20. డేటా వచ్చేసింది. ఆ పాత డిస్క్‌ను మళ్లీ వాడుకోవచ్చా?

క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో లాంటి ప్రోగ్రామ్‌తో ఆరోగ్యం చూడండి. రీఅలోకేటెడ్, పెండింగ్ సెక్టార్ల (పాడైన, పాడవుతున్న చోట్ల లెక్క) దగ్గర అంకెలు పెరుగుతూ ఉంటే పక్కన పెట్టేయండి. బాగానే ఉన్నా ఒకటి రెండు నెలలు ఆగండి. పాప మొదటి పుట్టినరోజు వీడియో రాలేదన్న సంగతి డేటా తెచ్చిన రోజున తట్టదు, ఇంట్లోవాళ్లు అడిగినప్పుడే తెలుస్తుంది. అప్పటికి డిస్క్ ముట్టుకోకుండా ఉంటే మరోసారి వెతకవచ్చు.